ఈకామర్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ జాబ్: రెండు ఆఫర్లు ఉంటే ఏది తీసుకోవాలి, ఏ టీం అడగాలి

మా పిన్ని కొడుకుకి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్. పోయిన నెల వాడికి రెండు ఆఫర్లు వచ్చాయి, ఒకటి హైదరాబాద్‌లో అమెరికా కంపెనీది, ఇంకోటి బెంగళూరులో ఇక్కడే పుట్టిన కంపెనీది, రెండూ ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవే. నరసరావుపేట నుంచి ఫోన్ చేసి "అన్నయ్యా, ఏది తీసుకోమంటావ్" అన్నాడు. "ఏ టీంలోకి తీసుకుంటున్నార్రా" అంటే తెలీదన్నాడు. "ఆన్‌కాల్ (సిస్టం పడిపోతే ఏ టైంలోనైనా చూసే డ్యూటీ) ఎన్ని వారాలకి ఒకసారి వస్తది" అంటే అదీ అడగలేదంట. మరి ఏం చూసి ఆలోచిస్తున్నావ్ అంటే "సీటీసీ" అన్నాడు, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం, ఆ మాటలే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా. నేను పదకొండేళ్లుగా ఈ లైన్‌లోనే ఉన్నా, మొదట సర్వీస్ కంపెనీలో ఒక రిటైల్ క్లయింట్ ప్రాజెక్ట్, తర్వాత పెద్ద ఈకామర్స్ కంపెనీ, తర్వాత క్విక్ కామర్స్ (నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చేవి), ఇప్పుడు మళ్ళీ పెద్ద కంపెనీ. నాకు ఎక్కడ ఏం జరిగిందో పేర్లు పెట్టి చెప్పను, అందరికీ తెలిసిన విషయాలకి మాత్రం పేర్లు వాడతా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మీరు చేరే టీం ఏ సిస్టం చూసుకుంటుంది, ఆ సిస్టం ఏ దేశపు కస్టమర్ల కోసం నడుస్తుంది, ఈ రెండే మీ రాత్రుల్నీ పండగల్నీ నేర్చుకునే పనినీ తేలుస్తాయి, కంపెనీ పేరు ఆ తర్వాతే. చేతికొచ్చే జీతంలో తేడా రెండు మూడు లక్షలైతే దాన్ని పక్కన పెట్టేసి టీం చూసుకోండి. పది లక్షల తేడా అంటే వేరే సంగతి, అప్పుడు కూడా ఆ పది లక్షలు నిజంగా చేతికొస్తాయా రావా అని కూర్చుని లెక్క కట్టాలి.

ముందు డబ్బు లెక్క

తమ్ముడి ఆఫర్లనే కాస్త రౌండ్ చేసి చెప్తా. మొదటిది బేస్ 22 లక్షలు, మొదటి ఏడాది జాయినింగ్ బోనస్ 6 లక్షలు, రెండో ఏడాది 4.5 లక్షలు, నాలుగేళ్లకి కలిపి 24 లక్షల విలువైన షేర్లు. వాడి ఫ్రెండ్స్ 22, 6, 24 కలిపేసి "52 లక్షల ప్యాకేజీ రా" అన్నారంట. కానీ ఆ 52 ఏ ఒక్క ఏడాదిలోనూ రాదు. అమెజాన్‌లో చాలా ఏళ్లుగా అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది, షేర్లు మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15 శాతం, మూడు నాలుగు ఏడాదుల్లో 40, 40 శాతం చేతికొస్తాయి. తమ్ముడి ఆఫర్ లెటర్‌లో కూడా ఇదే లెక్క. అంటే మొదటి ఏడాది షేర్లు 1.2 లక్షలు, రెండో ఏడాది 3.6, ఆ తర్వాత 9.6 చొప్పున. అన్నీ కలిపితే మొదటి ఏడాది 29.2 లక్షలు, రెండో ఏడాది 30.1, మూడో నాలుగో ఏడాదుల్లో 31.6, అదీ షేర్ ధర కదలకుండా ఉంటే.

రెండో ఆఫర్ బేస్ 30 లక్షలు, బోనస్ లేదు, నాలుగేళ్లకి 10 లక్షల ఈసాప్స్ (కంపెనీ షేర్లని ముందే అనుకున్న ధరకి కొనుక్కునే హక్కు), ఏడాదికి పావు వంతు. పేపర్ మీద ఇది 40, అది 52. కానీ మొదటి ఏడాది చేతికొచ్చేది ఇక్కడ ఈసాప్స్ వదిలేస్తే 30, అక్కడ షేర్లతో కలిపి 29.2. పన్నెండు లక్షల తేడా అనుకుని వాడు వారం రోజులు నిద్రపోలేదు, పేపర్ మీద కట్టి చూపిస్తే ఆ తేడా ఎక్కడా లేదు. మీరు కూడా ఆఫర్ రాగానే ఏడాది వారీగా నాలుగు గడులు గీసి, ఏ ఏడాది ఎంత క్యాష్, ఎంత షేర్లు అని రాసుకోండి, హెచ్ఆర్ ఫోన్‌లో చెప్పే టోటల్‌ని పట్టించుకోవద్దు. సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపేసి ఉంటాయి, గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేనే వస్తుంది, కాబట్టి ఆ లైన్ కూడా తీసేసి చూడండి. జాయినింగ్ బోనస్ దగ్గర ఒక షరతు ఉంటుంది, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలి, కొన్నిచోట్ల పని చేసిన నెలలు తీసేసి మిగతాది అడుగుతారు, కొన్నిచోట్ల మొత్తం అడుగుతారు, ఏదో చదువుకోండి.

షేర్ల మీద టాక్స్ సంగతి చాలామందికి చేరాకే తెలుస్తుంది. అమెరికా కంపెనీ షేర్లు మీ పేరు మీదకి వచ్చిన రోజు, ఆ రోజు ధర మొత్తం జీతం కిందే లెక్క, అందుకే కంపెనీ అందులో కొన్ని షేర్లు అమ్మేసి టాక్స్ కట్టి మిగతావి ఇస్తుంది. మీ చేతికి 100 షేర్లు అనుకుంటే అరవై డెబ్భై వస్తాయి. ఆ షేర్లు అమ్మకుండా ఊరికే ఉంచుకున్నా సరే ప్రతి ఏడాది రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ అనే చోట విదేశీ ఆస్తిగా చూపించాలి, ఐటీఆర్ 1 పనికిరాదు, ఐటీఆర్ 2 వేయాలి, పైగా ఆ షెడ్యూల్‌కి లెక్క జనవరి నుంచి డిసెంబర్ వరకు, మన ఆర్థిక సంవత్సరం కాదు. ఇది వదిలేసి తర్వాత డిపార్ట్‌మెంట్ నుంచి మెసేజ్ వచ్చాక కంగారు పడినవాళ్లని నేను చూశా. ఏడాదికి ఒకసారి సీఏకి కొంత ఇచ్చి చేయించుకోవడం మంచిది.

ఈసాప్స్ వేరే రకం. కంపెనీ లిస్ట్ అవ్వకపోతే అవి కొనే వాడు ఉండడు. ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు, అంటే ఆ ధర కట్టి షేర్లు తీసుకున్నప్పుడు, మీరు కట్టే ధరకీ ఆ రోజు షేర్ విలువకీ మధ్య తేడా మీద టాక్స్ పడుతుంది, చేతికి ఒక్క రూపాయి రాకముందే (అర్హత ఉన్న కొన్ని స్టార్టప్‌లకి ఈ టాక్స్ వాయిదా వేసుకునే వీలుంది, అన్నిటికీ లేదు). నా పాత కొలీగ్ ఒకతను నాలుగేళ్లు పనిచేసి మానేశాడు, మానేశాక 90 రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయాలన్నారు, షేర్ల ధర, టాక్స్ కలిపి లక్షల్లో అవుతుంటే ఇంటి లోన్ నెత్తిన పెట్టుకుని అంత ఎక్కడ తెస్తాడు, వదిలేసుకున్నాడు. నాలుగేళ్ల రాత్రులు పోయాయి. అలాగని ఈసాప్స్ అంతా గాలి అనడం కూడా తప్పే. ఫోన్‌పే విడిపోయాక ఫ్లిప్‌కార్ట్ 2023లో ఈసాప్స్ ఉన్నవాళ్లకి దాదాపు 70 కోట్ల డాలర్లు పంచింది, స్విగ్గీ 2024 నవంబర్‌లో, మీషో 2025 డిసెంబర్‌లో స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి, అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ల ఈసాప్స్‌కి నిజమైన మార్కెట్ ధర వచ్చింది. కాబట్టి అడగాల్సినవి మూడు: మానేశాక ఎక్సర్‌సైజ్‌కి ఎన్ని రోజులు ఇస్తారు, ఇంతవరకు ఎప్పుడైనా బైబ్యాక్ చేశారా (కంపెనీయే వాటిని తిరిగి కొన్నదా), నాకు ఇచ్చే ధర ఏ వాల్యుయేషన్ మీద కట్టారు. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఈసాప్స్‌ని సున్నా అనుకుని బేస్ మాత్రమే పోల్చుకోండి.

ఇల్లు గురించి ఒక్క మాట. హైదరాబాద్‌లో అద్దెకి మామూలుగా రెండు నెలల అడ్వాన్స్, బెంగళూరులో ఐదారు నెలలు అడుగుతారు, కొందరు ఓనర్లు ఇప్పటికీ పది నెలలు అడుగుతారు. పెళ్లయి సొంతంగా ఇల్లు పెట్టాలంటే ఇది చిన్న మొత్తం కాదు.

కంపెనీల రకాలు

మన తెలుగు పిల్లల ముందుకొచ్చేవి స్థూలంగా నాలుగు రకాలు. అమెరికా దిగ్గజం, అంటే ముఖ్యంగా అమెజాన్. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో తెరిచిన క్యాంపస్ తొమ్మిదిన్నర ఎకరాల్లో, 15,000 మందికి సరిపడా కట్టింది, అమెరికా బయట వాళ్ల సొంత బిల్డింగ్ అంతపెద్దది ఇంకోటి లేదు. రెండోది బెంగళూరు కంపెనీలు, ఫ్లిప్‌కార్ట్, మింత్రా, మీషో లాంటివి. మూడోది క్విక్ కామర్స్, బ్లింకిట్, ఇన్‌స్టామార్ట్, జెప్టో, బిగ్‌బాస్కెట్. నాలుగోది విదేశీ షాపుల టెక్ సెంటర్లు, టార్గెట్, లోవ్స్, టెస్కో బెంగళూరులో ఉన్నాయి, వాల్‌మార్ట్ టెక్ బెంగళూరుతో పాటు చెన్నైలో కూడా ఉంది. వీటికి బయట నుంచి పనిచేసే సర్వీస్ కంపెనీ ప్రాజెక్టులు కూడా ఇందులోనే కలిపేస్తున్నా.

నాలుగో రకం గురించి ఎక్కువ రాయను. పని నెమ్మదిగా ఉంటుంది, ఇంటికి టైంకి వెళ్తారు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అది పెద్ద విలువే. సర్వీస్ ప్రాజెక్ట్ అయితే మాత్రం డిజైన్ నిర్ణయాలు క్లయింట్ దగ్గరే ఉండిపోతాయి, మీకు టికెట్ వస్తుంది, మీరు కోడ్ రాస్తారు. నేను రెండున్నరేళ్లు అలా చేశా, ఆ సిస్టం మొత్తం ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఎవరూ చూపించలేదు, బయటికి ఇంటర్వ్యూలకి వెళ్తే "ఇది ఎందుకు ఇలా కట్టారు" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయేవాణ్ణి. రెండేళ్లు దాటి అక్కడ ఉండొద్దని నా సలహా.

అమెజాన్ లాంటి చోట అన్నీ రాతలో ఉంటాయి. డిజైన్ డాక్యుమెంట్ రాయాలి, మీటింగ్‌లో అందరూ ముందు నిశ్శబ్దంగా అది చదువుతారు, తర్వాత ప్రశ్నలు. ఇంగ్లీష్‌లో నాలుగు పేజీలు సూటిగా రాయడం మనలో చాలామందికి మొదట్లో కష్టం, కానీ రెండేళ్లలో వచ్చేస్తుంది, అది ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. ఇంటర్వ్యూలో కోడింగ్‌తో పాటు వాళ్ల లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ మీద ప్రశ్నలు ఉంటాయి, అవి 14 ఉండేవి, 2021లో రెండు కలిపి 16 చేశారు, మీరు నిజంగా చేసిన పనుల నుంచి ఏడెనిమిది సంఘటనలు సిద్ధం చేసుకోకుండా వెళ్లొద్దు. ఆఫీసుకి వారానికి ఐదు రోజులు రావాలన్న రూల్ 2025 జనవరి నుంచి ఉంది, కాబట్టి ఉప్పల్‌లోనో ఎల్‌బీనగర్‌లోనో ఇల్లు ఉంటే రోజూ ఎంతసేపు రోడ్డు మీద ఉంటారో లెక్క వేసుకోండి, మెట్రో రాయదుర్గం దాకే ఉంది, అక్కడి నుంచి మళ్ళీ క్యాబో బస్సో.

బెంగళూరు కంపెనీల్లో నిర్ణయం తీసుకునేవాళ్లు మీ బిల్డింగ్‌లోనే ఉంటారు. ఇది నాకు బాగా నచ్చిన విషయం. ఒక ఫీచర్ ఎందుకు కావాలో ప్రొడక్ట్ మేనేజర్‌ని లంచ్‌లో అడగొచ్చు, వాదించొచ్చు, రెండు వారాల్లో అది జనం చేతిలో ఉంటుంది, మీ అమ్మగారి ఫోన్‌లో కూడా కనిపిస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ, తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసే పార్సిళ్లు, డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోవడం, ఇలాంటి మన దేశపు చిక్కులన్నీ మొదట ఎదురయ్యేది అక్కడే. ప్రయారిటీలు మాత్రం నెలకోసారి మారిపోతాయి, సగం కట్టిన పని పక్కన పడేస్తారు.

క్విక్ కామర్స్ ఇంకా వేగం. డార్క్ స్టోర్‌లో (కొనేవాళ్లు రాని, డెలివరీకి మాత్రమే ఉండే చిన్న గోడౌన్) ఏ ర్యాక్‌లో ఎన్ని పాల ప్యాకెట్లు ఉన్నాయో నిమిషం నిమిషం సరిగ్గా చూపించాలి, తప్పయితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మామూలు ఈకామర్స్‌లో రేపు సర్దుకుందాం అనుకునే పని అక్కడ ఇప్పుడే సర్దాలి. వాన పడితే ఆర్డర్లు పెరుగుతాయి, సరిగ్గా అప్పుడే డెలివరీ వాళ్లు తగ్గుతారు. ఆదివారం సాయంత్రాలు, డిసెంబర్ 31 రాత్రి, క్రికెట్ మ్యాచ్ రోజులు, అందరూ ఖాళీగా ఉండే టైమే మీకు బిజీ టైం. పాతిక, ఇరవై ఆరేళ్ల వయసులో రెండేళ్లు చేస్తే నాలుగేళ్ల పని నేర్చుకుంటారు, నేను నేర్చుకున్నా. మా పాప పుట్టాక మాత్రం చేయలేకపోయా, బయటికి వచ్చేశా.

ఏ దేశపు కస్టమర్లు? పండగలు దాన్ని బట్టే

దీని గురించి ఎవరూ చెప్పరు, ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు, కానీ ఇంట్లో గొడవలు ఎక్కువ దీని గురించే. మన దేశపు కస్టమర్ల కోసం పనిచేసే టీం అయితే పెద్ద సేల్ దసరా ముందే. 2025లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండిటి పండగ సేల్ సెప్టెంబర్ 23న మొదలైంది, దసరా అక్టోబర్ 2న. బతుకమ్మ రోజులు దాదాపు అన్నీ అందులోనే పోయాయి. పోనీ సంక్రాంతికి వెళ్దాం అంటే రిపబ్లిక్ డే సేల్ అని జనవరిలో ఇంకోటి ఉంటుంది, 2025లో అమెజాన్‌ది జనవరి 13న మొదలైంది, అంటే సరిగ్గా భోగి రోజు. నేను నాలుగేళ్లు సంక్రాంతికి ఊరెళ్లలేదు, అమ్మ ప్రతిసారీ అరిసెలు పార్సిల్ పంపేది. ఆఫీస్ వాళ్లకి రిపబ్లిక్ డే, దీపావళి గుర్తుంటాయి గానీ మనకి సంక్రాంతి ఎంత పెద్దదో బెంగళూరులో కూర్చుని సేల్ క్యాలెండర్ వేసేవాళ్లకి తట్టదు, మనమే చెప్పుకోవాలి, ఆరు నెలల ముందే లీవ్ రాసిపెట్టుకోవాలి.

అదే హైదరాబాద్‌లోనే కూర్చుని అమెరికా సైట్ కోసం పనిచేసే టీంలో ఉంటే పీక్ నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ నుంచి మొదలై, బ్లాక్ ఫ్రైడే, ఆ సోమవారం, అలా క్రిస్మస్ దాకా. ప్రైమ్ డే ఎక్కువగా జూలైలో, 2022 నుంచి అక్టోబర్‌లో కూడా ఒక సేల్ పెడుతున్నారు. ఆ అక్టోబర్‌ది పక్కన పెడితే దసరా, సంక్రాంతి మీవే. కానీ దీనికి బదులు సాయంత్రాలు పోతాయి. సియాటెల్‌కి మనకి ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా, వాళ్ల పొద్దున తొమ్మిది అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో. వారానికి రెండు మీటింగ్‌లు అయితే ఫర్వాలేదు, రోజూ అయితే పిల్లలకి అన్నం పెట్టే టైం అంతా హెడ్‌సెట్‌లోనే. టీం మొత్తం ఇక్కడే ఉందా, సగం అక్కడ ఉందా అని అడగండి. మేనేజర్ కూడా ఇక్కడే ఉన్న టీం అయితే బాగుంటుంది, ప్రమోషన్ సంగతి కూడా అప్పుడే సాఫీగా నడుస్తుంది.

టీంలలో ఏది

కస్టమర్‌కి కనిపించేవి అందరూ అడుగుతారు, చెకౌట్, పేమెంట్స్, సెర్చ్. చెకౌట్‌లో నేర్చుకోవడానికి చాలా ఉంది. యూపీఐలో డబ్బు కట్ అయింది, బ్యాంకు నుంచి జవాబు రాలేదు, ఆర్డర్ పెట్టాలా వద్దా, కస్టమర్ మళ్ళీ నొక్కితే రెండుసార్లు కట్ అవ్వకుండా ఎలా చూడాలి, చివరి ఒక్క ఫోన్‌ని ఒకేసారి ఇరవై మంది కొంటుంటే ఎవరికివ్వాలి. ఇవన్నీ పుస్తకంలో చదివితే అర్థమవ్వవు. అమెజాన్ వాళ్లు 2007లో డైనమో అనే డేటాబేస్ గురించి రాసిన పేపర్‌కి మూలం కూడా ఇలాంటి చిక్కే, మెషిన్లు పడిపోతున్నా సరే కస్టమర్ కార్ట్‌లో వస్తువు వేయడం మాత్రం ఆగకూడదు అన్నదే. కాకపోతే చెకౌట్ ఆగితే నిమిషానికి లక్షలు పోతాయి కాబట్టి ఆన్‌కాల్ బరువు కూడా అక్కడే ఎక్కువ.

సెర్చ్, రికమెండేషన్స్‌లో మెషిన్ లెర్నింగ్ పేరు ఉంటుంది, అందరూ ఎగబడతారు. చేరే ముందు మోడల్ ఎవరు చేస్తారు అని అడగండి, చాలా టీంలలో మోడల్ సైంటిస్టులది, మీది డేటా పైప్‌లైన్. అది చెడ్డ పనేం కాదు, తెలిసి చేరితే చాలు. యాడ్స్ టీంలకి డబ్బు బాగా వస్తుంది కాబట్టి మనుషుల్ని తీసేసేటప్పుడు చివరగా చూస్తారు అనేది నా పరిశీలన. సెల్లర్ టూల్స్, క్యాటలాగ్ టీంలు కాస్త ప్రశాంతం, సేల్ మొదలయ్యే ముందే వాళ్ల పని ఎక్కువ.

ఎవరూ అడగని టీం, నేను అందరికీ చెప్పే టీం సప్లై చైన్. గోడౌన్, పికింగ్, డెలివరీ రూట్లు, పిన్‌కోడ్‌లు. నేను అందులోకి ఇష్టం లేకుండానే వెళ్లా. రెండో నెలలో మమ్మల్ని మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌కి తీసుకెళ్లారు, అక్కడ స్కానర్ పట్టుకుని బీప్ కొడుతూ తిరిగే ఒక అక్క నన్ను చూసి "సార్, గీ మిషిన్ మీరే జేసిన్రా, పొద్దుగాల్నుంచి నన్ను గా చివర్కి పదిసార్లు తిప్పింది" అంది. ఆఫీస్‌కి వచ్చి చూస్తే మేం ఆర్డర్ వచ్చిన వరుసలో పని ఇస్తున్నాం, ర్యాక్ వరుసలో కాదు. మార్చడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత ఆవిడ నడక ఎంత తగ్గిందో డాష్‌బోర్డ్‌లో కనిపించింది, నా కెరీర్‌లో నాకు అంత సంతోషం ఇచ్చిన పని ఇంకోటి లేదు. అడ్రస్‌ల పని కూడా అంతే, "హనుమాన్ గుడి పక్క సందు, నీళ్ల ట్యాంక్ ఎదురుగా, డాబా ఇల్లు" అని రాసిన అడ్రస్‌ని మ్యాప్‌లో ఒక చుక్కగా మార్చడం నిజంగా కష్టమైన కంప్యూటర్ సైన్స్, అందులో మనకి మన ఊళ్లు తెలియడం కూడా కలిసొస్తుంది. ఈ టీంలో పోటీ తక్కువ, పని లోతు ఎక్కువ.

ఆన్‌కాల్

దీన్ని గురించి కాస్త ఎక్కువే రాస్తా. ఆన్‌కాల్ అంటే మీ వారం వచ్చినప్పుడు సర్వీస్ ఎప్పుడు పడిపోయినా ఫోన్ మోగుతుంది, పదిహేను నిమిషాల్లో లాప్‌టాప్ తెరవాలి, పెళ్లిలో ఉన్నా ట్రైన్‌లో ఉన్నా. పెద్ద కంపెనీలకి కూడా సేల్‌లో దెబ్బలు తగిలాయి. ఫ్లిప్‌కార్ట్ మొట్టమొదటి బిగ్ బిలియన్ డే 2014 అక్టోబర్ 6న సైట్ తట్టుకోలేకపోయింది, మర్నాడు ఫౌండర్లు కస్టమర్లకి క్షమాపణ మెయిల్ పంపారు. 2018 జూలైలో ప్రైమ్ డే మొదలైన కాసేపటికే అమెజాన్‌లో కుక్కల ఫోటోలతో ఎర్రర్ పేజీలు వచ్చాయి. అంత పెద్దవాళ్లకే తప్పలేదు కాబట్టి మీకూ ఒక రోజు వస్తుంది, వచ్చినప్పుడు కంపెనీ మీతో ఎలా ఉంటుంది అన్నదే ముఖ్యం.

నాకు వచ్చిన రోజు చెప్తా. ఒక కంపెనీలో మా టీం కూపన్ సర్వీస్ చూసేది. సేల్ రాత్రి పన్నెండుకి. లోడ్ టెస్ట్ పాస్ అయింది, మామూలు రోజు కన్నా పదింతలు ట్రాఫిక్ పెట్టి మరీ చూశాం. పన్నెండు దాటి రెండు నిమిషాలకి డేటాబేస్ కాస్త నెమ్మదించింది, అంతే, కాస్తే. కానీ జవాబు రాకపోతే యాప్ మొత్తం మూడుసార్లు అడిగేది, మధ్యలో ఉన్న కార్ట్ సర్వీస్ ఆ ఒక్కోదానికీ మళ్ళీ మూడుసార్లు అడిగేది, అంటే ఒక మనిషి ఒకసారి నొక్కితే మా దగ్గరికి తొమ్మిది రిక్వెస్టులు, ఆ మనిషి ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ నొక్కుతూనే ఉంటాడు. పదింతలకి సిద్ధపడితే తొంభై ఇంతలు వచ్చి పడ్డాయి. చివరికి కూపన్‌ని ఆపేసి కార్ట్ నడిచేలా చేశాం, అన్నీ సర్దుకునేసరికి తెల్లారి నాలుగున్నర. మర్నాడు మీటింగ్‌లో మొదటి ప్రశ్న "ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారు". నేనే. ఆ ఏడాది నా రేటింగ్‌లో అది కనిపించింది, మళ్ళీ మళ్ళీ అడిగే ఆ రీట్రై కోడ్ నేను చేరకముందే రాసింది అయినా సరే.

తర్వాతి కంపెనీలో అలాంటిదే జరిగింది, వేరే సర్వీస్. అక్కడ ముందు టైమ్‌లైన్ రాశారు, తర్వాత ఎందుకు, దానికి ఎందుకు, మళ్ళీ దానికి ఎందుకు అని ఐదుసార్లు అడుగుతూ కిందికి వెళ్లారు, డాక్యుమెంట్‌లో మనిషి పేరే లేదు. అమెజాన్‌లో ఇలాంటి దాన్ని సీఓఈ అంటారు, చాలా కంపెనీలు పోస్ట్‌మార్టం అంటాయి. పేరు ఏదైనా పెట్టుకోనివ్వండి, ఆ డాక్యుమెంట్ ఎలా వాడతారు అన్నది టీం టీంకీ మారుతుంది, ఒకే కంపెనీలో పక్కపక్క టీంలలో కూడా మారుతుంది, అందుకే కంపెనీ రివ్యూలు చదివితే సరిపోదు.

కాబట్టి ఆఫర్ వచ్చాక, సంతకం పెట్టక ముందు, హైరింగ్ మేనేజర్‌తో అరగంట టైం అడగండి. అడిగితే ఆఫర్ పోతుందేమో అని భయపడతారు, పోదు, మంచి మేనేజర్లకి ఇలా అడిగేవాళ్లే ఇష్టం. ఆన్‌కాల్ రొటేషన్‌లో ఎంతమంది ఉన్నారు అని అడగండి, ఆరుగురు కన్నా తక్కువ ఉంటే నాలుగైదు వారాలకే మళ్ళీ మీ వంతు. పోయిన వారం రాత్రిపూట ఎన్ని పేజ్‌లు (ఆన్‌కాల్ ఫోన్‌కి వచ్చే అలర్ట్‌లు) వచ్చాయి అని అడగండి, సగటున ఎన్ని అంటే ఎవరైనా తక్కువే చెప్తారు, పోయిన వారం అంటే నంబర్ చెప్పాల్సి వస్తుంది. చివరిసారి సిస్టం పడిపోయినప్పుడు ఏం చేశారో కథలా చెప్పమనండి, కథలో మనుషుల పేర్లు ముందు వస్తే జాగ్రత్త. టీంలో ఎక్కువ కాలం నుంచి ఉన్నవాళ్లు ఎన్నేళ్ల నుంచి ఉన్నారు, పోయిన ఏడాది ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఈ టీం పని ఆగిపోతే కంపెనీకి డబ్బు ఆగుతుందా లేదా. తమ్ముడు ఈ ప్రశ్నలు రెండు చోట్లా అడిగాడు. ఒకచోట మేనేజర్ నలభై నిమిషాలు కూర్చుని చెప్పాడు, రాత్రి పేజ్‌లు మూడు వచ్చాయి, రెండు అనవసరమైనవి, వాటిని ఈ నెలలో తీసేస్తున్నాం అన్నాడు. ఇంకోచోట "టీం చేరాక డిసైడ్ చేస్తాం" అన్నారు.

లేఆఫ్‌లు, అమెరికా

ఉద్యోగం ఎక్కడ భద్రం అని అడుగుతారు. అమెజాన్ 2022 చివర్నుంచి 2023 మార్చి దాకా ప్రపంచం మొత్తం మీద 27,000 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది, 2025 అక్టోబర్‌లో మళ్ళీ 14,000 ఆఫీసు ఉద్యోగాలు అంది. స్టార్టప్‌లలో అంత వార్త అవ్వకుండానే తీసేస్తారు. ఎక్కడ చేరినా ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పెట్టుకోండి, జాయినింగ్ బోనస్ రాగానే కారు బుక్ చేయొద్దు, ఇది పెద్దన్నలా చెప్తున్నా.

అమెరికా వెళ్లాలన్న ఆలోచన ఉంటే మాత్రం అక్కడ ఆఫీసులున్న కంపెనీకే లాభం. ఇక్కడ కనీసం ఏడాది పనిచేశాక ఎల్1 వీసా మీద అదే కంపెనీలో మారే వీలుంటుంది, దానికి హెచ్1బి లాటరీ లేదు. కానీ ఎల్1 మీద వెళ్తే కంపెనీ మారలేరు, ఆ ఉద్యోగం పోతే హెచ్1బి లాగే గరిష్ఠంగా 60 రోజుల టైం. అక్కడ తెలుగు వాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా అని ధైర్యంగా వెళ్లినా ఆ 60 రోజుల లెక్క ఎప్పుడూ మనసులో ఉంటుంది. సంబంధాలు చూసే పెద్దవాళ్లకి ఇది చెప్పడం కష్టమే.

చివరగా తమ్ముడు హైదరాబాద్ ఆఫర్ తీసుకున్నాడు, సప్లై చైన్ టీం, మేనేజర్ ఇక్కడే, రొటేషన్‌లో ఎనిమిది మంది. బెంగళూరు ఆఫర్‌లో టీం తెలిసుంటే బహుశా అదే తీసుకోమనేవాణ్ణి, మొదటి ఐదేళ్లలో నిర్ణయాలు తీసుకునేవాళ్ల పక్కన కూర్చోవడం చాలా మంచిది. ఇక చేరే తేదీ. హెచ్ఆర్ ఆగస్టు చివర్లో రమ్మన్నారు. నేను వద్దన్నా. పండగ సేల్‌కి నెల ముందు చేరితే ఎవరికీ మీకు నేర్పే తీరిక ఉండదు, సేల్ దగ్గరపడ్డాక కోడ్ ఫ్రీజ్ అని కొత్త మార్పులు కూడా పెట్టనివ్వరు, ఏమీ చేయకుండానే మూడు నెలలు గడిచిపోతాయి, ఆ ఖాళీ మొదటి రివ్యూలో కనిపిస్తుంది. నోటీస్ పీరియడ్ ఎలాగూ 90 రోజులు ఉంది, ముందుగా వదిలించుకోవడానికి డబ్బు కట్టకుండా పూర్తిగా చేయమన్నా. దీపావళి అయిపోయిన తర్వాతి సోమవారం చేరుతున్నాడు.